ఊరి బడిని ఊరే నడిపే చోట

(మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సమ్మేళనం రోజు సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఆయన ఎదురుగా ఉంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అందుకని నేను వెనక వరసల వైపు చూసి మాట్లాడతాను. ఏమీ అనుకోకండి మాస్టారూ.

నన్ను అమెరికా చదువుల గురించి చెప్పమన్నారు. అమెరికా గురించి మీకు తెలియనిదేముంది? ఈ ఊళ్లో ఇంటికొకరు అక్కడే ఉన్నారు. డాలస్ తెలుసు, ఫ్రిస్కో తెలుసు. అక్కడ మనవాళ్లు ఇల్లు కొనేముందు వాస్తు చూస్తారో లేదో గానీ ఆ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో మాత్రం కచ్చితంగా చూస్తారు. నేను చెప్పేది ఆ అమెరికా గురించి కాదు. మా ఆయన డాక్టరు. అక్కడ జే-1 వీసా మీద చదువుకున్న మన డాక్టర్లు ఆ వీసా షరతు ప్రకారం రెండేళ్లు ఇండియాకి తిరిగి రావాలి, లేదంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచెయ్యాలి. అలా మేం పశ్చిమ టెక్సాస్‌లో ఒక పల్లెకి వెళ్లాం. మూడేళ్లనుకున్నది తొమ్మిదేళ్లయింది. ఆ ఊరి జనాభా మన ఊళ్లో సగం కూడా ఉండదు. చుట్టూ పత్తి చేలు, గాలిమరలు. ఒక పెట్రోలు బంకు, ఒక దాణా కొట్టు, ఒక బడి. చిన్నపిల్లల నుంచి పన్నెండో తరగతి దాకా అంతా ఒకే ఆవరణ, అంతా కలిపి 200 మంది చిల్లర.

ఆ ఊరి పేరు చెప్పను. చిన్న ఊరు, నేను చెప్పబోయే సంగతులు వింటే ఎవరి గురించో అక్కడివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, ఆడవాళ్లు చెప్పాలి. వంటింట్లో గ్యాస్ లీకైతే మీకు ఎలా తెలుస్తుంది? వాసన వస్తుంది, అవునా? ఆ వాసన గ్యాస్‌ది కాదు. గ్యాస్‌కి అసలు వాసనే ఉండదు. లీకైతే మనకి తెలియాలని కంపెనీవాళ్లు కావాలనే కలుపుతారు. టెక్సాస్‌లో ఆ వాసన కలపాలని చట్టం వచ్చింది ఒక పల్లెటూరి బడి వల్ల. అక్కడ మొదలుపెడతాను.

తూర్పు టెక్సాస్‌లో న్యూ లండన్ అని ఒక ఊరు. 1930లో ఆ ప్రాంతంలో ఆయిల్ పడింది. పొలంలో ఆయిల్ పడితే ఆస్తి విలువ పెరుగుతుంది, ఆస్తి విలువ పెరిగితే బడికి వచ్చే పన్ను పెరుగుతుంది. అమెరికాలోకెల్లా డబ్బున్న పల్లెటూరి బడుల్లో అదొకటి అనేవాళ్లు. బడి ఆవరణలోనే ఆయిల్ బావులుండేవి! దాదాపు పది లక్షల డాలర్లు పెట్టి బిల్డింగు కట్టుకున్నారు. బాయిలర్ పెట్టి ఆవిరితో బడంతా వెచ్చగా ఉంచుదామని ఆర్కిటెక్టు అన్నాడు. బడిని నడిపే బోర్డు వద్దంది. గదిగదికీ గ్యాస్ హీటర్లు చాలంది. తర్వాత 1937 మొదట్లో ఆ గ్యాస్ బిల్లు కూడా ఎందుకనుకున్నారు. ఆయిల్ తీసేటప్పుడు పక్కకి వచ్చే గ్యాస్‌ని అప్పట్లో ఎలాగూ తగలబెట్టేసేవారు. ఆ పైపుకి ఒక కనెక్షన్ తగిలించుకున్నారు. నెలకు కొన్ని వందల డాలర్లు మిగిలాయి.

ఆ కనెక్షన్ లీకైంది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేల కింద ఖాళీలో గ్యాస్ నిండింది. మార్చి 18, గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. ఇంకాసేపట్లో లాంగ్ బెల్. పక్కనే ఇంకో బిల్డింగులో, జిమ్‌లో, తల్లిదండ్రుల మీటింగ్ జరుగుతోంది. చేతిపనుల మాస్టారు ఒక కరెంటు మిషన్ స్విచ్ వేశారు. చిన్న నిప్పురవ్వ. బిల్డింగు పైకి లేచి కూలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. మీటింగుకి వచ్చిన తల్లులు బయటికి పరిగెత్తుకొచ్చి చూస్తే బడి లేదు.

ఆ శిథిలాల్లో ఒక బ్లాక్‌బోర్డు దొరికింది. దాని మీద ఎవరో రాసినది అలాగే ఉంది. ఆయిలూ, గ్యాసూ మన ప్రాంతానికి దేవుడిచ్చిన వరాలు, అవి లేకపోతే ఈ బడే ఉండేది కాదు అని దాని సారాంశం.

ఆ బడులకి పెద్ద, సూపరింటెండెంట్ షా గారిని జనం రాజీనామా చేసేదాకా వదల్లేదు. కొట్టి చంపేస్తామన్నారు. ఆయన కొడుకు కూడా ఆ బడిలోనే చనిపోయాడు. కోర్టు మాత్రం బడిదీ తప్పు లేదు, గ్యాస్ కంపెనీదీ తప్పు లేదు అంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... గ్యాస్ బిల్లు దండగ అనుకున్నదెవరు? ప్రభుత్వమా? కలెక్టరా? కాదు. ఆ ఊరివాళ్లే. ఓట్లేసి గెలిపించుకున్నవాళ్లే. వాళ్ల పిల్లలు చదివే బడి, వాళ్లు కట్టిన పన్ను, వాళ్లు తీసుకున్న నిర్ణయం. అక్కడ బడికి ఊరే యజమాని. మంచి జరిగినా ఊరిదే, చెడు జరిగినా ఊరిదే. తొమ్మిదేళ్లలో నాకు అర్థమైంది ఇదే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

సరే, స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఏంటి? మన కలెక్టరుండే జిల్లా అనుకోకండి. అది బడి కోసమే గీసుకున్న హద్దు. పంచాయతీ వేరు, అక్కడి జిల్లా లాంటి కౌంటీ వేరు, ఇది వేరు. దీనికి సొంతంగా పన్ను వేసే అధికారముంది, సొంతంగా టీచర్లని పెట్టుకునే అధికారముంది. మళ్లీ చెబుతున్నాను, పన్ను వేసే అధికారం. టెక్సాస్‌లో ఇలాంటివి వెయ్యికి పైనే ఉన్నాయి. హ్యూస్టన్‌లాంటి మహానగరంలో ఉన్న పెద్ద డిస్ట్రిక్టూ ఒక డిస్ట్రిక్టే, మా 200 మంది పిల్లలదీ ఒక డిస్ట్రిక్టే. చట్టం ముందు రెండూ ఒకటే.

దాన్ని నడిపేది బోర్డు. మాకు ఏడుగురు ట్రస్టీలు. జీతం లేదు, చట్టమే ఇవ్వకూడదంటుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో ఎన్నిక. వాళ్లు కలిసి సూపరింటెండెంటుని పెట్టుకుంటారు. మన డీఈఓ లాంటాయన అనుకోండి. కానీ మన డీఈఓ గారిని ఎవరు వేస్తారు? పైనుంచి వస్తారు, పైకి వెళ్తారు. ఇక్కడ ఆయనకి కాంట్రాక్టు. నచ్చకపోతే ఊరే పంపించేస్తుంది. మా సూపరింటెండెంటు గారు బస్సు డ్రైవరు రాని రోజు తనే బస్సు నడిపేవారు. నవ్వకండి, నిజం. చిన్న డిస్ట్రిక్టుల్లో ఒకరే నాలుగు పనులు చేస్తారు. ఫుట్‌బాల్ కోచ్ సాంఘికశాస్త్రం చెబుతాడు. నేను కూడా కొన్నాళ్లు, ఎవరైనా టీచరు సెలవు పెడితే వెళ్లి క్లాసు చూసుకునేదాన్ని.

ఎన్నికలంటే మన ఎన్నికల్లాంటివనుకుని నేనూ వెళ్లి చూశాను. నాకు ఓటు లేదు, పౌరసత్వం లేదు కదా. చూద్దామని. ఏం చూశానంటే ఎన్నికే జరగలేదు! మూడు స్థానాలు ఖాళీ అయితే ముగ్గురే నామినేషన్ వేశారు. పోటీ లేకపోతే ఎన్నిక రద్దు చేసుకోవచ్చని చట్టముంది. ఊరు ఊరంతా చుట్టాలు, ఎవరి మీద ఎవరు నిలబడతారు? ఇంత గొప్ప అధికారం చేతిలో ఉండి, దాన్ని వాడుకునేవాళ్లు లేరు. ఇది కూడా చెప్పాలి కదా, గొప్పలే చెబితే ఎలా?

బోర్డు మీటింగ్ నెలకొకసారి, బడి లైబ్రరీలో. చిన్నపిల్లల కుర్చీలు. వాటిలో ఆరడుగుల రైతులు మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుంటారు. దాణా కొట్టు ఆయన టోపీ తీసి బల్ల మీద పెడితే మీటింగ్ మొదలైనట్టు. ఏయే సంగతులు మాట్లాడతారో ముందే నోటీసు పెట్టాలి. ఇప్పుడైతే మూడు పనిరోజుల ముందు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, మూడు నిమిషాలు. సెక్రెటరీ ముందు వంటింట్లో వాడే టైమర్ ఉంటుంది, అది కూసిందంటే ఆపెయ్యాలి.

నేను ఎందుకెళ్లానంటే, బస్సు కోసం. మా ఇల్లు ఊరికి 20 కిలోమీటర్లు బయట. ఒక ఏడాది ఖర్చు తగ్గించడానికి రెండు రూట్లు కలిపేశారు. మా పిల్లలు పొద్దున ఆరుంపావుకి రోడ్డు మీద నిలబడాలి. చలికాలంలో ఆరుంపావంటే చిమ్మచీకటి. మా ఆయన "ఊరుకో, మనం బయటివాళ్లం" అన్నాడు. నేను ఊరుకోలేదు. రాత్రంతా కూర్చుని మూడు నిమిషాలకి సరిపడా రాసుకున్నాను, అద్దం ముందు చదువుకున్నాను. మాస్టారి ముందు ఎక్కాలు అప్పజెప్పినంత టెన్షన్.

చదివాను. టైమర్ కూసింది. ఏడుగురూ నా వంక చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు! "థాంక్యూ మేడమ్" అన్నారు, తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. బయటిదాన్నని, నా ఇంగ్లీషు యాస అర్థం కాలేదని, ఏవేవో అనుకున్నాను. కార్లో కూర్చుని మా అమ్మకి ఫోన్ చేసి వాళ్లందరినీ అరగంట తిట్టాను.

రెండు రోజుల తర్వాత దాణా కొట్టు ఆయన కిరాణా షాపులో కనబడ్డాడు. ఉల్లిపాయల దగ్గర. తనే వచ్చి చెప్పాడు. నోటీసులో లేని సంగతి మీద బోర్డు చర్చించకూడదట, చట్టం ఒప్పుకోదట, అందుకే మాట్లాడలేదట. వచ్చే నెల నోటీసులో పెట్టామన్నాడు. పెట్టారు. పాత రూటు మాత్రం మళ్లీ వెయ్యలేదు, డబ్బుల్లేవన్నారు. బస్సు మా గేటు దాకా వచ్చేట్టు, ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరేట్టు మార్చారు. సగం పని అయింది. కానీ అడిగితే జవాబు చెప్పే మనిషి ఉల్లిపాయల దగ్గర దొరికాడు చూడండి, అది నాకు కొత్త.

ఇప్పుడు డబ్బు సంగతి. కాస్త ఓపిక పట్టండి, ఇది అర్థం కాకపోతే ఏదీ అర్థం కాదు.

బడికి డబ్బు ముఖ్యంగా రెండు చోట్ల నుంచి. ఒకటి ఊళ్లో ఇళ్ల మీదా, పొలాల మీదా, ఆయిల్ మీదా వేసే ఆస్తిపన్ను. రెండోది రాష్ట్రం ఇచ్చేది. ఢిల్లీ లాంటి వాషింగ్టన్ నుంచి వచ్చేది తక్కువ. పన్నులో మళ్లీ రెండు భాగాలు: బడి నడపడానికి ఒకటి, బిల్డింగుల అప్పు తీర్చడానికి ఒకటి. కొత్త బిల్డింగు కట్టాలంటే అప్పు చెయ్యాలి, అప్పు చెయ్యాలంటే ఊరు ఓటెయ్యాలి. ఆ బ్యాలెట్ కాగితం మీద "ఇది ఆస్తిపన్ను పెంపు" అని పెద్దక్షరాలతో అచ్చు వెయ్యాలని 2019లో చట్టం చేశారు. బడికి కొత్త గదులు కావాలా అంటే అందరూ కావాలంటారు. పన్ను పెంచమంటారా అంటే? ఆ అక్షరాలు చూశాక ఎంతమంది చెయ్యి ఆగిపోయిందో! 65 దాటినవాళ్లకి సొంతింటి మీద బడి పన్ను పెరగకుండా కట్టడి ఉంది. అయినా మా పక్కింటి పెద్దావిడ వద్దనే ఓటేసింది. "ఆ చూరు కారుతున్న గదిలోనే నేనూ చదివాను, నాకేమైంది?" అంది.

రాష్ట్రం ఇచ్చేదానికి లెక్క ఉంది. ఒక్కో పిల్లాడికి మూల మొత్తం 6,160 డాలర్లు. 2019లో పెట్టారు, ధరలెంత పెరిగినా ఆరేళ్లు దాన్ని కదపలేదు. 2025లో ఎంత పెంచారనుకుంటున్నారు? 55 డాలర్లు. చిన్న డిస్ట్రిక్టులకి కొంత అదనంగా కలుపుతారు, అది వేరే లెక్క. ఇంకో కిటుకుంది. రిజిస్టర్లో పేరుంటే డబ్బు రాదు. పిల్లాడు ఆ రోజు బడిలో ఉండాలి. సగటు హాజరుని బట్టే డబ్బు. మా పెద్దాడికి జ్వరమొచ్చి రెండు రోజులు పంపకపోతే ఆఫీసు నుంచి ఫోను. ఎంత ప్రేమగా అడుగుతున్నారో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ప్రేమతో పాటు లెక్క కూడా ఉందని. ఫ్లూ వచ్చి నలభై మంది పడుకుంటే బడికి నిజంగానే నష్టం. బస్సు నడిచిందా? నడిచింది. కరెంటు కాలిందా? కాలింది. టీచరుకి జీతం? ఇవ్వాలి. పిల్లాడి డబ్బు మాత్రం రాదు.

ఊరి డబ్బుతో ఊరి బడి అంటే వినడానికి బాగుంటుంది. మరి ఊళ్లో డబ్బు లేకపోతే? పక్క ఊళ్లో ఆయిల్ ఉంది, మన ఊళ్లో రాళ్లున్నాయి, అప్పుడు? దీని మీద శాన్ ఆంటోనియోలో రోడ్రిగ్జ్ అనే తండ్రి, రేకుల పని చేసుకునే ఆయన, కోర్టుకెళ్లాడు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువు వాళ్ల రాజ్యాంగం చెప్పిన ప్రాథమిక హక్కు కాదంది. మన రాజ్యాంగంలో హక్కే, 2002లో సవరించి 21ఏ అని చేర్చుకున్నాం. ఈ సంగతి అక్కడ నా తోటి టీచర్లకి చెబితే నమ్మలేదు.

తర్వాత 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదంది. 1993లో కొత్త ఏర్పాటు వచ్చింది. ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని సర్దుతుంది. జనం దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టారు, ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పంచే కథలో దొంగ పేరు. ఇచ్చేవాళ్లు దోపిడీ అంటారు, పుచ్చుకునేవాళ్లు చాలదంటారు. ఆయిల్ ఉన్న చిన్న ఊరివాళ్లని కదిపితే చాలు, గంట సేపు చెబుతారు.

ఇంతకీ ఆ బడులు ఎలా చదివిస్తున్నాయి? అదే కదా మీరు అడిగేది.

మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా రాష్ట్రం పరీక్ష పెడుతుంది, హైస్కూల్లో సబ్జెక్టుకొకటి. ఇప్పుడా పరీక్షలు మార్చబోతున్నారు. ఆ మార్కుల్ని బట్టి ప్రతి బడికీ, ప్రతి డిస్ట్రిక్టుకీ ఏ, బీ, సీ, డీ, ఎఫ్ గ్రేడు. మన పిల్లల ప్రోగ్రెస్ కార్డులాగే. మొదటిసారి మా బడికి వచ్చిన గ్రేడు చూసి నేను గాభరా పడ్డాను. మాస్టారూ, మీరు చెప్పినట్టే లెక్క వేసి చూశాను. మా అమ్మాయి క్లాసులో పదకొండు మంది. ఒక్క పిల్ల తప్పితే తొమ్మిది శాతం పోతుంది. ఆ ఏడాది ఒక కుటుంబం ఆయిల్ పని అయిపోయి ముగ్గురు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. ఇంకో కుటుంబం వచ్చింది, వాళ్ల పిల్లలకి ఇంగ్లీషు రాదు, స్పానిష్. గ్రేడు మారిపోయింది. బడి మారిందా? అదే టీచరు, అదే గది. పెద్ద బడికి ఆ గ్రేడు ఏదో చెబుతుందేమో గానీ, పదకొండు మందికి శాతాలేమిటి? ఐదుగురి కంటే తక్కువుంటే రిపోర్టులో అంకె బదులు నక్షత్రం గుర్తు, అదే చుక్క, పెడతారు, ఎవరి మార్కో తెలిసిపోతుందని. మా బడి రిపోర్టు నిండా ముగ్గులాగా చుక్కలే!

అలాగని అన్నీ బాగున్నాయనడం లేదు. మా అబ్బాయికి ఫిజిక్స్ చెప్పేవాళ్లే లేరు. ఆన్‌లైన్‌లో చూసుకోమన్నారు. చిన్న ఊళ్లకి టీచర్లు రారు. 2015 చట్టం వచ్చాక టీచరు సర్టిఫికెట్ లేనివాళ్లని కూడా పెట్టుకునే వీలొచ్చింది. మా ఊళ్లోనూ పెట్టుకున్నారు. ఒకావిడ బ్రహ్మాండంగా చెప్పేది, ఇంకొకాయన పుస్తకం చదివి వినిపించేవాడు. ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఇక అలా కుదరదని 2025 చట్టం అంటోంది. అదే చట్టం ఐదు వేల లోపు పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో ఐదేళ్లు దాటిన టీచర్లకి 8,000 డాలర్లు జీతం పెంచింది, పెద్ద డిస్ట్రిక్టుల్లో 5,000. పల్లెకి ఎక్కువ, పట్నానికి తక్కువ. ఎన్నాళ్లకి!

మంచి సంగతొకటి చెబుతాను. అక్కడ బడుల మధ్య లెక్కల పోటీ ఉంది, నంబర్ సెన్స్ అంటారు. పది నిమిషాల్లో 80 లెక్కలు, అన్నీ నోటి లెక్కలే. చిత్తు లెక్క వెయ్యకూడదు, రాసింది దిద్దకూడదు. చిన్న బడులు చిన్న బడులతోనే పోటీ పడతాయి. మా అమ్మాయికి వాళ్ల అమ్మమ్మ వాట్సాప్‌లో ఇరవయ్యో ఎక్కం దాకా నేర్పింది. ఈ మాస్టారు మాకు నేర్పిన కిటుకులు, ఐదుతో ముగిసే అంకెల వర్గాలు, పదకొండుతో హెచ్చవేత, అన్నీ నేను దానికి చెప్పాను. మూడో బహుమతి వచ్చింది. మాస్టారూ, ఆ రిబ్బను తెచ్చాను, తర్వాత ఇస్తాను.

కానీ ఊరిని కదిలించేది లెక్కలు కాదు, ఫుట్‌బాల్. పదకొండు మంది దొరకరు కాబట్టి చిన్న బడులు ఆరుగురితో ఆడతాయి. శుక్రవారం రాత్రి ఊరంతా అక్కడే. బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరిగిన రోజు నలుగురం వెళ్లాం, అందులో ఒకావిడ చలికి లోపలికి వచ్చింది. కోచ్‌ని మార్చాలన్న రోజు? లైబ్రరీ చాలక మీటింగ్ భోజనాల హాల్లోకి మార్చారు. రెండు వందల మంది! ఉద్యోగుల సంగతి కాబట్టి బోర్డు తలుపులు మూసుకుని మాట్లాడుకుంది, బయట జనం రాత్రి పదకొండు దాకా కదల్లేదు. లెక్కల టీచరు వెళ్లిపోయినప్పుడు ఒక్కరూ రాలేదు.

ఎందుకంత పట్టుదల? మొదట్లో నాకు వెర్రిగా అనిపించేది. తర్వాత తెలిసింది, బడి పోతే ఊరు పోతుందని వాళ్లకి భయం. 1949లో గిల్మర్ ఎయికిన్ చట్టాలని వచ్చాయి. అప్పటికి టెక్సాస్‌లో 4,500 దాకా డిస్ట్రిక్టులుండేవి, వాటిని కలిపేసి 2,900కి తెచ్చారు. ఇప్పుడు వెయ్యి చిల్లర. మాకు కొంచెం పడమరకి లవింగ్ కౌంటీ అని ఉంది. 2020 జనాభా లెక్కల్లో మొత్తం కౌంటీకి 64 మంది. తప్పు వినలేదు, అరవై నాలుగు. అక్కడి మెంటోన్ బడిలో ఇద్దరే పిల్లలు మిగిలితే 1972లో మూసేశారు. ఇప్పుడు ఆ కౌంటీ పిల్లలు పక్క కౌంటీలో వింక్ అనే ఊరికి వెళ్లి చదువుకుంటారు. న్యూ లండన్ బడి కూడా 1965లో పక్క బడితో కలిసి వెస్ట్ రస్క్ అయింది. కలిపేటప్పుడు రెండు ఊళ్లూ ఓటెయ్యాలి. మనకి ఆమధ్య మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూలుకి తరలించారు. అప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఓటడిగారా? ...లేదంటున్నారు. నాకు తెలుసు.

ఊళ్లో ఎక్కువమందికి ఉద్యోగమిచ్చేది కూడా బడే. అందుకే ప్రైవేటు బడి ఫీజులకి ప్రభుత్వ డబ్బు ఇస్తామంటే పల్లెటూరి ఎమ్మెల్యేలు, అధికార పార్టీవాళ్లే, 2023లో అడ్డం పడ్డారు. 2025లో గవర్నర్ అబ్బాట్ పంతం నెగ్గించుకున్నారు, వంద కోట్ల డాలర్లతో పథకం వచ్చింది. మా ఊరికి నలభై మైళ్లలో ప్రైవేటు బడే లేదు, ఆ డబ్బుతో ఎక్కడ చదవాలి?

చివరగా ఒక్క మీటింగ్ గురించి చెప్పి ముగిస్తాను. టీ వస్తోంది, నాకు కనిపిస్తోంది.

టెక్సాస్‌లో చాలా పల్లెటూరి బడులు వారానికి నాలుగు రోజులే నడుపుతున్నాయి. ఏడాదికి 75,600 నిమిషాలు చెబితే చాలు, రోజుల లెక్క లేదు. నాలుగు రోజులూ ఎక్కువసేపు పెట్టి శుక్రవారం సెలవిస్తారు. ఎందుకు? జీతం పెంచలేరు కాబట్టి, కనీసం సెలవు చూసి టీచర్లు వస్తారని. పక్క డిస్ట్రిక్టు అలా చేసి మా టీచర్లిద్దరిని లాక్కుపోయింది. మా బోర్డు ముందుకీ వచ్చింది. ఆ రోజు మాట్లాడటానికి పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. టైమర్ పద్దెనిమిది సార్లు కూసింది. ఒకతను టీచర్లు లేకుండా ఐదు రోజులు తెరిచి ఏం చేస్తారన్నాడు. భోజనాల హాల్లో వంట చేసే ఆవిడ లేచింది. ఎప్పుడూ మాట్లాడదు. శుక్రవారం రెండు ప్లేట్లు పెట్టించుకుని తినే పిల్లలు కొందరున్నారని, శని ఆదివారాలు వాళ్ల ఇళ్లలో ఏముంటుందో తనకి తెలుసని, ఇక మూడు రోజులైతే ఎలా అని అడిగింది. మూడు నిమిషాల్లో ఒకటే వాడుకుని కూర్చుంది.

నాలుగుకి మూడు ఓట్లతో నెగ్గింది. శుక్రవారం సెలవు. దాణా కొట్టు ఆయన సెలవుకే ఓటేశాడు. మర్నాటి నుంచి వారం రోజులు ఆయన కొట్టుకి వెళ్లినవాళ్లందరూ ఆయనతో పోట్లాడి దాణా కొనుక్కున్నారు. నేనూ వెళ్లాను, మాకు కోళ్లున్నాయిలెండి. "నీకు ఓటుంటే ఏం చేసేదానివి?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. తర్వాత చర్చివాళ్లూ వంటావిడా కలిసి గురువారం సాయంత్రం సంచుల్లో తిండి సర్ది పంపడం మొదలుపెట్టారు. టీచర్లు ఇద్దరు కొత్తగా వచ్చారు. మార్కులు పెరిగాయా తగ్గాయా? పదకొండు మంది లెక్కలో అది తేలదు, ఇందాకే చెప్పాను కదా.

ఎవరో వెనక నుంచి అడుగుతున్నారు... మరి మన బడి సంగతేంటంటున్నారు. అన్నయ్యా, నేను తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో లేను. మన బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంది. ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని చట్టంలోనే రాశారు. పన్ను వేసే అధికారం లేదు, టీచర్ని పెట్టే అధికారం లేదు, నిజమే. ఆ కమిటీలో ఉన్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. ...ముగ్గురు. అదుగో, ఆ స్తంభం పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ ఒకరు. మీ ప్రశ్న ఆవిడని అడగండి, నేను కూర్చుని వింటాను.